పేరు చెప్పని ఆ స్నేహితుడు

ప్రశ్న: బైబిల్లోని 55వ కీర్తనలో స్నేహితుడి ద్రోహానికి దావీదు రాజు వాపోయింది అహీతోపెలు గురించేనా?

జవాబు: చాలామంది అలాగే అనుకుంటారు. కొడుకు అబ్షాలోము చేసిన తిరుగుబాటులో దావీదు సలహాదారు అహీతోపెలు అటువైపు దూకేశాడు మరి. కానీ కీర్తనలో పేరు లేదు. నాకైతే లేకపోవడమే నచ్చుతుంది. శత్రువు నిందిస్తే ఓర్చుకునేవాణ్ని, పగవాడైతే దాక్కునేవాణ్ని అంటూ 12వ వచనంలో మొదలుపెట్టి, ఉన్నట్టుండి ‘నువ్వే’ అని వేలు చూపిస్తాడు. ఇద్దరూ కబుర్లాడుకుంటూ దేవుని మందిరానికి కలిసి నడిచినవాళ్లే! 21వ వచనంలో వాడి నోట వెన్న, గుండెలో యుద్ధం. 41వ కీర్తనలో ఇంకా ఘోరం, తన ఇంట భోంచేసినవాడే తన్నడానికి మడమ ఎత్తాడు. యోహాను 13వ అధ్యాయంలో తనను పట్టించిన శిష్యుడు యూదా విషయంలో యేసు ఎత్తి చెప్పింది ఈ మాటే. అన్నట్టు, 55లో కోపం అంత తేలిగ్గా చల్లారదు. ప్రాణంతోనే పాతాళానికి పోవాలని శపించేస్తాడు. ఆ 15వ వచనాన్ని నేను దాటెయ్యను.