ట్రయథ్లాన్ ముగిశాక పడిపోయాను... మళ్లీ పాల్గొనవచ్చా?

ప్రశ్న: నా వయసు 43. కూర్చుని చేసే ఉద్యోగం. కొన్నేళ్లుగా పరుగు, సైక్లింగ్ సాధన చేస్తున్నాను. ఈత మాత్రం ఆలస్యంగా, అదీ స్విమ్మింగ్ పూల్‌లోనే నేర్చుకున్నాను. ఇటీవల మొదటిసారి నగరంలో జరిగిన ఒలింపిక్ దూరం ట్రయథ్లాన్‌లో (ఈత, సైక్లింగ్, పరుగు వరుసగా చేసే పోటీలో) పాల్గొన్నాను. సరస్సులో ఈత మొదలైన కాసేపటికే ఊపిరాడలేదు, ఛాతీ బిగుసుకుపోయినట్టయింది. రక్షణ పడవ పట్టుకుని ఆగితే సర్దుకుంది. సైక్లింగ్ బాగానే సాగింది. పరుగు చివర్లో పిక్కలు పట్టేశాయి. ఫినిష్ లైన్ దాటి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోయాను. పడుకోబెట్టి కాళ్లు పైకెత్తితే కొద్ది నిమిషాల్లో తేరుకున్నాను. ఆ రోజు ఉదయం ముందుజాగ్రత్తగా నొప్పి మాత్ర వేసుకున్నాను, దారి పొడవునా నీళ్లు బాగా తాగాను. సాయంత్రం తలనొప్పి, వాంతి. తర్వాత తీయించిన ఈసీజీ మామూలుగానే ఉంది. మా నాన్నగారికి 52 ఏళ్లకు గుండెపోటు వచ్చింది. పడిపోయానని ఇంట్లోవాళ్లు ఇక వద్దంటున్నారు. మళ్లీ పాల్గొనవచ్చా?

సమాధానం: ఒకటిన్నర కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైక్లింగ్, 10 కిలోమీటర్ల పరుగు తొలి ప్రయత్నంలోనే పూర్తి చేయడం చిన్న విషయం కాదు. అందుకు మీకు అభినందనలు. అయితే మీరూ, మీ ఇంట్లోవారూ భయపడుతున్నది పడిపోయినందుకు. మీరు రాసిన వాటన్నిటిలో నన్ను తక్కువగా కలవరపెట్టింది అదే. ఈత మొదట్లో వచ్చిన ఆయాసాన్ని మీరు రెండు మాటల్లో తేల్చేశారు. మీ నాన్నగారి గుండెపోటు సంగతిని చివర్లో జోడించారు. ఈ రెండింటినీ కలిపి చూడాల్సిన అవసరం ఉంది.

ముందుగా పడిపోవడం గురించి చెబుతాను. పరుగెత్తుతున్నంతసేపూ పిక్కల కండరాలు ముడుచుకుంటూ, సడలుతూ కాళ్లలోని రక్తాన్ని పంపులా గుండెవైపు నెడుతుంటాయి. ఒక్కసారిగా ఆగి నిలబడితే ఆ పంపు ఆగిపోతుంది; వేడికి చర్మంలోని రక్తనాళాలు అప్పటికే విప్పారి ఉండటంతో రక్తం కాళ్లలో నిలిచిపోయి, రక్తపోటు పడిపోయి, మెదడుకు చాలినంత రక్తం అందక కళ్లు తిరుగుతాయి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తగానే మీరు తేరుకోవడం దాదాపుగా ఈ కారణాన్నే సూచిస్తోంది. గమ్యం చేరాక నిలబడిపోకుండా పది నిమిషాలు నెమ్మదిగా నడిస్తే చాలావరకు దీనిని నివారించవచ్చు. అయితే ఇంకా పరుగెత్తుతుండగానే పడిపోయినా, పడినవారు కొద్ది నిమిషాల్లో తేరుకోకపోయినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వేరే సంగతి. స్పృహలో తేడా వచ్చి ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటితే అది వడదెబ్బే కావచ్చు, అప్పుడు అంబులెన్స్ కోసం ఎదురుచూడకుండా అక్కడికక్కడే చల్లటి నీటితో ఒంటిని చల్లార్చాలి. ఊపిరి ఆగిపోయినా, ఎగశ్వాసలా ఉన్నా వెంటనే ఛాతీపై నొక్కుతూ సీపీఆర్ మొదలుపెట్టాలి.

ఇక ఈత విషయానికి వస్తాను. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు జరిగిన ట్రయథ్లాన్‌లను పరిశీలించినప్పుడు, మరణాలు, గుండె ఆగిపోయి బతికి బయటపడిన ఘటనలు కలిపి 135 లెక్కతేలగా, వాటిలో 90 ఈత దశలోనే జరిగాయి. పాల్గొన్నవారి సంఖ్యతో పోలిస్తే ఇవి చాలా అరుదు, లక్ష మందికి రెండు కన్నా తక్కువ. కానీ బాధితుల్లో ఎక్కువమంది మీ వయసుకు దగ్గరగా ఉన్న పురుషులే. శవపరీక్ష వివరాలు దొరికిన 61 మందిలో 27 మందికి గుండె, రక్తనాళాల లోపాలు బయటపడ్డాయి, వాటిలో చాలావరకు అంతకుముందు ఏ లక్షణమూ చూపనివే. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ అంకెలు చెప్పడం లేదు. మీ ఆయాసాన్ని కంగారు అని కొట్టిపారేయకూడదని చెప్పడానికే.

కంగారు కూడా నిజమైన కారణమే. అడుగు కనిపించని నీళ్లు, చుట్టూ తన్నుకునే కాళ్లు, ఒళ్లు వేడెక్కకముందే మొదలైన వేగం, ఛాతీని నొక్కే బిగుతైన వెట్‌సూట్ (చలి నుంచి కాపాడే రబ్బరు ఈత దుస్తులు) కలిస్తే, పూల్‌లో హాయిగా ఈదేవారికి కూడా ఊపిరి అదుపు తప్పుతుంది. నీళ్లు చల్లగా ఉంటే ఆ తాకిడికి శ్వాస ఎగసి గుండె వేగం పెరుగుతుంది. అదే సమయంలో ముఖం నీళ్లలో మునిగి ఊపిరి బిగబట్టడం వల్ల గుండెను నెమ్మదింపజేసే సంకేతాలు అందుతాయి. పరస్పర విరుద్ధమైన ఈ రెండూ ఒకేసారి పనిచేసినప్పుడు గుండె లయ తప్పే అవకాశం ఉంది. దీనికి తోడు ఈతలో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే సమస్య ఒకటి ఉంది, ఇది మింగిన నీరు కాదు, సొంత రక్తనాళాల నుంచి ఊరి చేరేది. ఆ సమయంలో మీకు దగ్గు వచ్చిందా, గులాబీ రంగు నురగ పడిందా, ఛాతీలో గురగురమన్నదా అన్నది గుర్తుచేసుకుని వైద్యునికి చెప్పండి. రక్తపోటు ఉన్నవారిలో ఇది వచ్చే అవకాశం ఎక్కువ, ఒకసారి వచ్చినవారికి మళ్లీ రావచ్చు. వీటన్నిటితో పాటు గుండెకు రక్తం అందించే ధమనులు సన్నబడ్డాయా అన్న ప్రశ్న ఉండనే ఉంది. కాబట్టి కంగారు అనే నిర్ణయానికి మిగిలినవి కావని తేలాకే రావాలి.

విశ్రాంతిలో తీసిన ఈసీజీ మామూలుగా ఉందంటే ధమనుల్లో అడ్డంకి లేదని అర్థం కాదు. తండ్రికి 55 ఏళ్లలోపు గుండెపోటు రావడాన్ని వైద్యశాస్త్రం ముప్పు కారణంగా లెక్కిస్తుంది. హృద్రోగ నిపుణుణ్ని కలిసి, ఈత మొదట్లో జరిగింది జరిగినట్టు వివరించండి. వేర్వేరు రోజుల్లో రక్తపోటు చూపించుకోవడం, కొలెస్ట్రాల్, రక్తంలో చక్కెర పరీక్షలు, గుండె ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమవుతాయి, ధమనులకు సీటీ స్కాన్ కావాలా అన్నది ఆయన నిర్ణయిస్తారు. అప్పటివరకు నడక, తేలికపాటి సైక్లింగ్ సరిపోతాయి. పోటీలు, ఆరుబయటి నీళ్లలో ఈత, ఆయాసం వచ్చేంత సాధన వద్దు. మామూలు పనుల్లో ఛాతీ బిగుసుకున్నా, స్పృహ తప్పినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.

సాయంత్రం వచ్చిన తలనొప్పి, వాంతికి ఒంట్లో నీరు తగ్గడమే కారణమని అందరూ అనుకుంటారు. మీ విషయంలో అధికంగా తాగడమే కారణమై ఉండవచ్చు. గంటల తరబడి దాహానికి మించి తాగితే రక్తంలో సోడియం పలుచబడి లీటరుకు 135 మిల్లీమోల్స్ కన్నా తగ్గుతుంది. తలనొప్పి, వికారంతో మొదలై, తీవ్రమైతే గందరగోళం, మూర్ఛ, ప్రాణాపాయం వరకు వెళ్తుంది. స్పోర్ట్స్ డ్రింకులో కూడా సోడియం రక్తంలో కన్నా చాలా తక్కువ కాబట్టి, దానిని ఎంతైనా తాగవచ్చనుకోవద్దు. దాహం వేసినప్పుడే తాగండి. పోటీకి ముందు, తర్వాత బరువు చూసుకోండి, బరువు పెరిగి ఉంటే ఎక్కువ తాగినట్టే.

మీరు ముందుజాగ్రత్తగా వేసుకున్న మాత్ర ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటిదైతే, దాన్ని ఇకపై పోటీ రోజున పూర్తిగా మానేయాలని గట్టిగా చెబుతున్నాను. శ్రమలో కిడ్నీలకు రక్తం ఎలాగూ తగ్గుతుంది, ఈ మందు దాన్ని మరింత తగ్గిస్తుంది, ఒంట్లో నీరు నిలిచేలా చేస్తుంది, జీర్ణాశయాన్ని గాయపరుస్తుంది. పోటీ తర్వాత మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అదే రోజు వైద్యుణ్ని కలవాలి.

పిక్కలు పట్టేయడానికి ప్రధాన కారణం అలసిన కండరం. సైకిల్ దిగిన వెంటనే పరుగెత్తే సాధనను వారానికోసారి చేస్తే కాళ్లు ఆ మార్పుకు అలవాటుపడతాయి.

పరీక్షల్లో ఏ లోపమూ లేదని తేలి, వైద్యుడు అనుమతిస్తే మళ్లీ పాల్గొనవచ్చు. మొదట 750 మీటర్ల ఈత ఉండే స్ప్రింట్ దూరాన్ని ఎంచుకోండి. అంతకుముందు చాలా వారాలు, ఎప్పుడూ ఒంటరిగా కాకుండా తోడు ఉన్నప్పుడే, ఆరుబయటి నీళ్లలో సాధన చేయండి. పోటీ రోజున అనుమతి ఉంటే ముందుగానే నీళ్లలో దిగి శరీరాన్ని అలవాటు చేసుకోండి, గుంపు వెనుక, అంచున మొదలుపెట్టండి. రక్షణ పడవను పట్టుకుని ఆగడానికి, దాని సాయంతో ముందుకు సాగనంతవరకు, ట్రయథ్లాన్ నిబంధనలు అనుమతిస్తాయి. కానీ ఛాతీ బిగుసుకోవడం, తగ్గని ఆయాసం, దగ్గు మళ్లీ కనిపిస్తే వెల్లకిలా తిరిగి చెయ్యెత్తి పడవను పిలవండి, అది వచ్చాక పట్టుకుని ఆగకుండా ఎక్కేయండి. ఒడ్డుకు చేరాక హాయిగా అనిపించినా ఆ రోజు సైకిల్ ఎక్కకుండా నేరుగా వైద్య శిబిరానికి వెళ్లండి.