రెండెకరాల మామిడి తోటలో గడ్డికి, 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్‌కు ఏ మోవర్ సరిపోతుంది?

4 అడుగుల రోటరీ స్లాషర్ (అడ్డంగా గిర్రున తిరిగే బ్లేడ్లతో గడ్డి కోసే మోవర్) తీసుకోండి. అడుగు వెడల్పుకు పీటీఓ (ట్రాక్టర్ వెనక పనిముట్టును తిప్పే షాఫ్టు) దగ్గర సుమారు 5 హెచ్‌పీ కావాలి; 24 హెచ్‌పీ ఇంజిన్ నుంచి పీటీఓకు అందేది 20 దరిదాపుల్లోనే. 5 అడుగులది తగిలిస్తే ఒత్తుగా పెరిగిన గడ్డిలో ఇంజిన్ వేగం పడిపోతుంది. అయితే కొనేముందు వెనక టైర్ల బయటి అంచుల మధ్య టేపు పెట్టి కొలవండి. స్లాషర్ అంతకన్నా సన్నగా ఉంటే టైరు తొక్కిన గడ్డి తెగకుండా మిగిలిపోతుంది.

ఫ్లెయిల్ మోవర్ (తిరిగే రోలర్‌కు చిన్న చిన్న బ్లేడ్లు వేలాడేది) గడ్డిని మెత్తగా తురుముతుంది, రాళ్లు విసరడం తక్కువ. కానీ ధర, బరువు ఎక్కువ. ట్రాక్టర్ ముందు చక్రాలు తేలుతున్నాయేమో మోవర్‌ను ఎత్తి చూడనిదే కొనొద్దు.

స్లాషర్ బ్లేడు రాయికి తగిలితే వెనక్కి మడుచుకునేలా వదులుగా వేలాడాలి. షియర్ బోల్టు (ఒత్తిడి ఎక్కువైతే ముందు తానే తెగి గేర్‌బాక్సును కాపాడేది) తెగితే అదే గ్రేడుది వేయండి. గట్టి బోల్టు బిగిస్తే ఈసారి పోయేది గేర్‌బాక్సే. పీటీఓ షాఫ్టు పొడవు సరిచూసుకోవడం చాలామంది మరిచిపోతారు: స్లాషర్‌ను పైకెత్తి దించినప్పుడు ఒకదానిలో ఒకటి జారే షాఫ్టు భాగాలు ఎక్కడా అడుగంటా తగలకూడదు, ఊడిపోయేంత సాగకూడదు.

పీటీఓ వేగం 540 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాటించకండి. డ్రిప్ పైపులు ముందే పక్కకు తీయండి, బ్లేడు షాఫ్టుకు చుట్టుకుంటే గేర్‌బాక్స్ ఆయిల్ సీలు పోతుంది. కోసేటప్పుడు వెనక మనుషులు ఉండకూడదు.