ముఖచిత్రంలో నీడలు బురదరంగులోకి ఎందుకు పోతున్నాయి?

నల్లగొండలో నేర్పేవాళ్లు దొరకలేదని, మీరు వీడియోలు చూసి ఆయిల్ కలర్స్‌తో ఇంప్రెషనిస్ట్ పద్ధతిలో (ఆ క్షణపు వెలుతురు కంటికి ఎలా కనిపిస్తే అలా, విడివిడి రంగు పూతలతో) ముఖం వేస్తుంటే నీడల దగ్గర అంతా బురదలా అవుతోందని అడిగారు. నేనూ చాలాకాలం అక్కడే ఆగిపోయాను. నీడ అనగానే చర్మం రంగులో నలుపు కలిపేవాణ్ని.

నాకు దారి దొరికింది మా బత్తాయి తోటలో. ఒకరోజు పొద్దున్నే మా నాయినను చెట్టు నీడలో మంచం మీద కూర్చోబెట్టి, కళ్లు సగం మూసి చూశాను. గడ్డం కింద నీడలో ఆకుల పచ్చదనం ఉంది. నుదుటి మీద మెరుపు తెలుపు కాదు, ఆకాశపు లేత నీలం. తెల్ల ధోతి మీద పడ్డ ఎండ దవడకు వెచ్చటి పసుపు అంటిస్తోంది. నలుపు ఎక్కడా లేదు.

ఆ పచ్చదనం వేస్తే ఇంట్లోవాళ్లు "నాయినకు ఒంట్లో బాగాలేనట్టుంది" అన్నారు. బాధనిపించింది. తర్వాత ఈ పద్ధతిలో వేసిన ఫ్రెంచ్ చిత్రకారుడు రెన్వార్ గురించి చదివాను. చెట్ల నీడలో ఎండ మచ్చలు పడ్డ స్త్రీ బొమ్మను ఆయన 1876 ప్రదర్శనలో పెడితే, ఒక పత్రికా విమర్శకుడు ఆ పచ్చ, ఊదా మచ్చలను చూసి కుళ్లుతున్న మాంసంతో పోల్చాడు. ఈరోజు ఆ మచ్చల్లో మనకు కనిపించేది ఎండే. కాబట్టి మీ కన్ను చూసిన రంగును నమ్మండి.

నలుపు ట్యూబు పక్కన పెట్టేయండి. అల్ట్రామెరీన్ బ్లూ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమరంగు) కలిపితే కావలసినంత ముదురు వస్తుంది. వీడియోల్లో చెప్పే గులాబీ చర్మం లెక్క మన ముఖాలకు పనికిరాదు. ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా, కొంచెం ముదురు ఎరుపు అలిజరిన్ క్రిమ్సన్‌తో మొదలుపెట్టండి. ఎండ తగిలిన చోట తెలుపు గుమ్మరిస్తే సున్నం కొట్టినట్టు పాలిపోతుంది. ముందు పసుపు పెంచండి, తెలుపు చివర్లో.

ఇక బురదకు అసలు కారణం చాలాసార్లు చెయ్యి. తడి రంగు మీద బ్రష్‌తో రుద్దుతూ పోతే పక్కపక్కన ఉండాల్సిన రంగులు కలిసిపోయి చచ్చిపోతాయి. ఒక పూత పెట్టండి, వదిలేయండి. నీడ రంగు నుంచి ఎండ రంగుకు మారేటప్పుడు బ్రష్ తుడవండి, లేదా రెండు బ్రష్‌లు పెట్టుకోండి. సన్నవి వద్దు, పంది వెంట్రుకల వెడల్పాటి ఫ్లాట్ బ్రష్ తీసుకోండి. దానితో కనురెప్ప వెంట్రుకలు గీయాలన్న ఆశే పుట్టదు.

గంటకు మించి కూర్చోవద్దు. మన దగ్గర ఎండ త్వరగా ఎక్కుతుంది, నీడ జరిగిపోతుంది. మర్నాడు అదే టైముకు మళ్లీ కూర్చోండి. రెన్వార్ కాలపు మరో ఇంప్రెషనిస్ట్ చిత్రకారుడు మోనే గడ్డివాములు వేసేటప్పుడు వెలుతురు మారితే కాన్వాసే మార్చేవాడు.

ముఖం కంటే ముందు తెల్లగుడ్డ మీద ఒక బత్తాయి పెట్టి అరగంటలో వేయండి, రోజుకొకటి చొప్పున పది. చెంప గుండ్రం, నీడలోకి తిరిగే రంగు, గుడ్డ నుంచి పైకి కొట్టే వెలుతురు అన్నీ అందులోనే ఉన్నాయి. మా నాయిన ముఖం నాకు నాలుగో బోర్డు మీద కుదిరింది.

ఇంకొకటి. రంగుల్లో వాడే లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. నీళ్లలో తడిపి, విప్పి ఆరేయండి.