పాఠకుల ప్రశ్నలు: పడవ కొనేటప్పుడు ఏ కాగితాలు చూసుకోవాలి?

ఈ సంచికలో సరదా పడవల రిజిస్ట్రేషన్, టైటిల్‌ల (యాజమాన్య పత్రాల) గురించి వచ్చిన ఐదు ప్రశ్నలకు సమాధానాలిస్తున్నాము. ముందుగా ఒక్క మాట. అమెరికాలో పడవ మీద నంబరు ఎలా ఉండాలో కోస్ట్ గార్డ్ నిబంధనలు చెబుతాయి. ఆ నంబరును కేటాయించడం, టైటిల్ ఇవ్వడం, రుసుము వసూలు చేయడం మాత్రం రాష్ట్రాల పని. అందువల్ల న్యూజెర్సీలో ఉన్న మిత్రుడు చెప్పిన పద్ధతి టెక్సస్‌లో మీకు సరిపోకపోవచ్చు.

ప్రశ్న: మేము ఆస్టిన్‌లో ఉంటున్నాము. పద్దెనిమిది అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ పడవను అవుట్‌బోర్డ్ మోటారుతో (పడవ వెనుక బయట బిగించేది), ట్రైలర్‌తో కలిపి 12,000 డాలర్లకు ఒకాయన అమ్ముతానంటున్నారు. రిజిస్ట్రేషన్ కాగితం చూపించారు. టైటిల్ ఎక్కడో పోయిందని, వెతికి తర్వాత పంపిస్తానని అంటున్నారు. మనిషి చూస్తే మంచివారిలాగే ఉన్నారు. డబ్బు ఇచ్చేయవచ్చా?

సమాధానం: ఇవ్వకండి. టైటిల్ మీ చేతికి వచ్చిన రోజునే ఇవ్వండి.

మీకు చూపించిన రిజిస్ట్రేషన్ కాగితం ఆ పడవను నీటి మీద నడపడానికి రాష్ట్రం ఇచ్చిన అనుమతి మాత్రమే. టెక్సస్‌లో దాన్ని రెండేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. పడవ ఎవరిదో తేల్చేది టైటిల్. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖే ఈ రెండింటినీ ఇస్తుంది గనుక చాలామంది రెండూ ఒకటేననుకుని, గడువు తీరని స్టిక్కర్ కనబడగానే నిశ్చింతపడతారు. స్టిక్కర్ సరిగానే ఉన్న పడవ మీద బ్యాంకు అప్పు మిగిలి ఉండవచ్చు, లేదా అమ్ముతున్న వ్యక్తి అసలు యజమానే కాకపోవచ్చు.

పైగా మీరు కొంటున్నది ఒక వస్తువు కాదు, మూడు. టెక్సస్‌లో పడవకు ఒక టైటిల్, అవుట్‌బోర్డ్ మోటారుకు విడిగా మరొక టైటిల్ ఉంటాయి. ట్రైలర్‌తో పార్క్స్ శాఖకు సంబంధం లేదు. దాని కాగితాలు మోటారు వాహనాల శాఖ పరిధిలోనివి, కౌంటీ పన్ను కార్యాలయంలో మార్పించుకోవాలి. ఈ విషయం నేను నష్టపోయి నేర్చుకున్నాను. నేను కొన్న మొదటి పడవకు టైటిల్ శుభ్రంగానే ఉంది, కానీ మోటారు టైటిల్ ఇద్దరు యజమానుల వెనకటి మనిషి పేరు మీదే ఉండిపోయింది. ఊరు మారిపోయిన ఆయనను వెతికి పట్టుకుని సంతకం చేయించుకునేసరికి వేసవి కాస్తా అయిపోయింది. అన్నాళ్ళూ పడవ ఇంటి పక్కన టార్పాలిన్ కిందే ఉంది.

టైటిల్ కనబడడం లేదని చెప్పేవారందరూ మోసగాళ్ళు కారు. నిజంగానే పోగొట్టుకుని ఉండవచ్చు. అప్పు తీరక కాగితం రుణదాత దగ్గర ఉండవచ్చు. లేదా ఆయన కొన్నప్పుడు తన పేరుకు మార్పించుకోకుండా వదిలేసి ఉండవచ్చు, మిగతా రెండింటి కన్నా ఇదే మిమ్మల్ని ఎక్కువ చిక్కుల్లో పెడుతుంది, ఎందుకంటే అప్పుడు శాఖ రికార్డులో ఉన్న యజమాని మీరెన్నడూ కలవని మనిషి, అమ్మకపు పత్రం మీద ఆయన సంతకం ఉండదు, మీకు అమ్మిన వ్యక్తి సంతకానికి శాఖ దృష్టిలో విలువ ఉండదు. రికార్డులో ఎవరి పేరుందో, రుణదాత ఎవరైనా ఉన్నారో శాఖ వెబ్‌సైటులో పడవ నంబరు కొట్టి చూసుకోవచ్చు. రికార్డులో ఆయన పేరే ఉంటే ఆయననే నకలు టైటిల్‌కు దరఖాస్తు చేయమని మర్యాదగా అడగండి. పన్నెండు వేల డాలర్ల బేరంలో ఆ రుసుము, ఆ కొద్దిపాటి ఆలస్యం ఎవరికీ భారం కావు. అందుకు ఒప్పుకోని మనిషి దగ్గర కొనకపోవడమే మేలని నా అభిప్రాయం. రుణదాత పేరు కనబడితే అప్పు తీరినట్లు వారిచ్చిన విడుదల పత్రం కూడా చేతికి రావాలి. టైటిల్ మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉంటే ఇద్దరి చేతా సంతకం చేయించుకోండి.

కాగితాలు చూశాక పడవ దగ్గరికి వెళ్ళండి. వెనుక పలకకు బయటివైపు, కుడి చేతి పక్కన, పై అంచు దగ్గర అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం పన్నెండు ఉన్న ఒక సంఖ్య చెక్కి ఉంటుంది. దీన్ని హల్ ఐడెంటిఫికేషన్ నంబర్ అంటారు. 1972 నవంబరు నుంచి తయారైన పడవలన్నింటికీ ఇది ఉండాలి. నాచు, మసి పేరుకుని కనబడకపోతే తడిగుడ్డతో తుడిచి, టైటిల్‌ను పక్కనే పట్టుకుని ఒక్కొక్క అక్షరం పైకి చదువుతూ పోల్చండి, మీతో వచ్చినవారిని కాగితం చూడమనండి. మొదటి మూడూ తయారీదారు గుర్తు, తర్వాతి ఐదూ వరుస సంఖ్య, చివరి నాలుగూ తేదీ. ఉదాహరణకు చివర హెచ్304 అని ఉంటే హెచ్ ఎనిమిదో అక్షరం గనుక ఆగస్టు, 3 అంటే 2003, 04 అంటే 2004 మోడల్ అని అర్థం. 1984 ఆగస్టు తర్వాతి పడవలన్నీ ఈ వరుసలోనే ఉంటాయి. వాటిలో ఇదే సంఖ్యను పైకి కనబడని మరొక చోట కూడా వేస్తారు గనుక దొంగిలించిన పడవ మీద పైసంఖ్యను చెరిపినంత మాత్రాన గుర్తు పోదు. వేలితో తడిమితే గీకినట్లు, పుట్టీ పెట్టి రంగు వేసినట్లు తగిలితే బేరం అక్కడితో ఆపేయండి. మోటారును పడవకు బిగించే బ్రాకెట్ మీద చిన్న రేకు ఉంటుంది, దాని మీది సంఖ్యను మోటారు టైటిల్‌తో పోల్చండి. ఆ రేకు ఊడిపోయి ఉంటే అదీ అనుమానించవలసిన విషయమే.

ఖర్చు సంగతి. పడవ, మోటారుల మీద టెక్సస్ 6.25 శాతం పన్ను తీసుకుంటుంది, డీలరు లేకుండా మామూలు మనుషుల మధ్య జరిగే అమ్మకానికీ ఇది వర్తిస్తుంది. ఆ రెండింటి విలువ 10,000 డాలర్లని అమ్మకపు పత్రంలో విడిగా రాసుకుంటే 625 డాలర్లవుతుంది. దానికి పడవ టైటిల్‌కు, మోటారు టైటిల్‌కు చెరొక రుసుమూ, పడవ పొడవును బట్టి రిజిస్ట్రేషన్ రుసుమూ తోడవుతాయి. శాఖ కార్యాలయంలోగానీ, ఈ పని చూసే కౌంటీ పన్ను కార్యాలయంలోగానీ దరఖాస్తు ఇవ్వవచ్చు. పన్ను తగ్గుతుందని అమ్మకపు పత్రంలో ధర తక్కువ చేసి రాయమనేవారుంటారు, ఆ మాట వినకండి.

టైటిల్ లేకుండా కొని చిక్కుకున్నవారి కోసం బాండెడ్ టైటిల్ (పూచీకత్తు బాండు సమర్పించి తీసుకునే టైటిల్) అనే దారి ఒకటి ఉంది. అది పొరపాటు జరిగిపోయాక బయటపడడానికే ఉంది, కొనబోయే ముందు దాన్ని నమ్ముకుని దిగడం తగదు.

ప్రశ్న: పిల్లల కోసం గాలి నింపే రబ్బరు పడవ కొన్నాము. తెడ్డు వేయడం కష్టమని చిన్న బ్యాటరీ మోటారు తగిలించాము. దీనికీ నంబరు కావాలా? (డాలస్ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: కావాలమ్మా. మోటారు పెట్రోలుదా బ్యాటరీదా అన్నది, ఎంత చిన్నది అన్నది ఇక్కడ లెక్కలోకి రావు. యంత్రంతో నడిచే పడవకు నంబరు ఉండాలన్నది దేశమంతటా ఉన్న నియమం. మోటారు తీసేసి తెడ్డుతోనే నడిపితే టెక్సస్ అడగదు. అన్ని రాష్ట్రాలూ అలా వదిలిపెట్టవు. ఒహాయోలో తెడ్డు పడవలకూ రిజిస్ట్రేషన్ ఉంది, మిన్నెసోటాలో పది అడుగులు దాటిన తెడ్డు పడవలకు లైసెన్స్ కావాలి. సెలవులకు పడవను వెంట తీసుకెళ్ళేవారు వెళ్ళే రాష్ట్రం నియమం చూసుకోవాలి.

రబ్బరు మీద అతికించిన అంకెలు గాలి నింపినప్పుడల్లా లేచిపోతాయి. నంబరు నిలవని పడవకు ఒక పలక మీద నంబరు వేసి ముందు భాగంలో రెండువైపులా బిగించుకోవడానికి నిబంధనలు అనుమతిస్తున్నాయి.

ప్రశ్న: నంబరు సరిగా వేయలేదని చెరువులో గేమ్ వార్డెన్ (వేట, పడవల చట్టాలు అమలుచేసే రాష్ట్ర అధికారి) ఆపి హెచ్చరించారు. మా నంబరు నిజమైనదే. తప్పేమిటి?

సమాధానం: మీరు పంపిన ఫోటోలో రెండు తప్పులున్నాయి. అక్షరాలు వంపు తిరిగిన అలంకారపు రాతలో ఉన్నాయి, అన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. నిటారుగా ఉండే సాదా అచ్చు అక్షరాలు మూడు అంగుళాలకు తగ్గకుండా, పడవ రంగు మీద స్పష్టంగా కనబడే రంగులో ఉండాలి. టెక్సస్ గుర్తయిన టీఎక్స్ తర్వాత ఒక ఖాళీ, నాలుగు అంకెలు, మళ్ళీ ఒక ఖాళీ, చివరి రెండు అక్షరాలు. ఆ ఖాళీ ఒక అక్షరమంత వెడల్పు ఉండాలి. పడవ ముందు సగంలో రెండువైపులా, ఎడమ నుంచి కుడికి చదివేలా అతికించాలి. అతికించే ముందు కాగితం టేపు ఒకటి గీతలా వేసుకుంటే వరుస వంకర పోదు. గడువు స్టిక్కర్ నంబరుకు ఆరు అంగుళాల లోపే ఉండాలి. రిజిస్ట్రేషన్ కాగితం ఇంట్లో బీరువాలో కాక పడవలోనే, తడవని సంచిలో ఉండాలి.

ప్రశ్న: ఉద్యోగరీత్యా హ్యూస్టన్ నుంచి ఒహాయోలోని కొలంబస్‌కు మారుతున్నాము. టెక్సస్ రిజిస్ట్రేషన్‌కు ఇంకా ఏడాది గడువుంది. అది అయ్యేదాకా ఆగవచ్చా?

సమాధానం: ఆగకూడదు. నంబరు మీ ఇంటి చిరునామాను బట్టి కాక పడవను ఎక్కువగా ఏ రాష్ట్రపు నీటిలో నడుపుతారో దాన్ని బట్టి ఉంటుంది. ఆ రాష్ట్రం మారిన 60 రోజులకు పాత నంబరు చెల్లదు. ఇల్లు ఒక రాష్ట్రంలో, చెరువు పక్క రాష్ట్రంలో ఉన్నవారికి కూడా ఇదే సూత్రం. ఒహాయోలో పద్నాలుగు అడుగులు, ఆ పైన ఉన్న పడవకు, పది హార్స్‌పవర్, ఆ పైన ఉన్న మోటారుకు టైటిల్ తీసుకోవాలి. టైటిల్ ఇచ్చేది కౌంటీ క్లర్క్ ఆఫ్ కోర్ట్స్ కార్యాలయం, రిజిస్ట్రేషన్ చూసేది సహజ వనరుల శాఖ. టెక్సస్ టైటిల్‌లు రెండూ సామాన్ల లారీలో వేయకుండా మీ చేతి సంచిలో తీసుకెళ్ళండి, అక్కడ ముందుగా అడిగేవి అవే. పాత అంకెలను హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి ఊడదీస్తే రంగు పాడవదు.

ప్రశ్న: మేమిద్దరం గ్రీన్‌కార్డు మీద ఉన్నాము. ఇరవై ఎనిమిది అడుగుల పడవ కొంటున్నాము. కోస్ట్ గార్డ్ దగ్గర డాక్యుమెంటేషన్ (కేంద్ర ప్రభుత్వపు నమోదు) చేయిస్తే రాష్ట్రంతో పని ఉండదని ఒక మిత్రుడు చెప్పారు. నిజమేనా?

సమాధానం: మీకు ఆ దారి తెరుచుకోదు. డాక్యుమెంటేషన్‌కు పడవ కనీసం ఐదు నెట్ టన్నులు ఉండాలి, యజమాని అమెరికా పౌరుడై ఉండాలి. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, పడవ లోపలి పరిమాణం లెక్క. మీ పడవ ఆ కొలతకు రావచ్చు, కానీ గ్రీన్‌కార్డు పౌరసత్వం కాదు. ఇందులో మీకు నష్టమేమీ లేదు, రాష్ట్ర రిజిస్ట్రేషన్‌కు, టైటిల్‌కు పౌరసత్వం అవసరం లేదు.

మిత్రుడి మాటలో రెండో సగం కూడా పూర్తిగా సరికాదు. డాక్యుమెంట్ అయిన పడవకు రాష్ట్రం టైటిల్ ఇవ్వదు, రాష్ట్ర నంబరూ ఉండదు. అయినా రుసుము కట్టి స్టిక్కర్ అతికించాలని పలు రాష్ట్రాలు కోరుతున్నాయి. మీరు కొంటున్న పడవ ఇప్పటికే డాక్యుమెంట్ అయి ఉంటే ఆ నమోదును పాత యజమాని రద్దు చేయించి, రద్దయినట్లు పత్రం మీకు ఇస్తేనే రాష్ట్రం మీ పేర టైటిల్ ఇస్తుంది. ఆ పని వెస్ట్ వర్జీనియాలోని నేషనల్ వెసెల్ డాక్యుమెంటేషన్ సెంటర్ ద్వారా జరగాలి. దానికి సమయం పడుతుంది గనుక బేరం కుదిరిన రోజే ఆయనతో దరఖాస్తు పెట్టించండి.