అసింక్‌కి మార్చాక సర్వర్ ఎందుకు నెమ్మదించింది: మేం కొలిచి తెలుసుకున్నది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: కనెక్షన్‌కి ఒక థ్రెడ్ చొప్పున నడిచే సర్వర్‌ని లినక్స్‌లో ఈపోల్ మీద ఈవెంట్ లూప్‌తో అసింక్‌గా తిరగరాశారు. అంటే ఒక్కో కనెక్షన్ దగ్గర ఒక్కో థ్రెడ్ ఆగి ఎదురుచూసే బదులు, ఏ సాకెట్ (కనెక్షన్ కొస) సిద్ధమైందో లినక్స్ కెర్నల్‌ని ఈపోల్ ద్వారా అడుగుతూ ఒకే లూప్ అన్నిటినీ చూసుకుంటుంది. 200 కనెక్షన్లతో టెస్ట్ చేస్తే పాతదానికన్నా కొత్తది సెకనుకు తక్కువ రిక్వెస్టులు తీరుస్తోంది, పైగా సీపీయూ ఎక్కువ తింటోంది. మా కోడ్‌లో తప్పుందా, లేక అసింక్‌కే ఇంత ఖర్చుందా అని అడుగుతున్నారు.

రెండూ ఉండొచ్చు. కొన్నేళ్ల కిందట నేను సరిగ్గా ఇదే పని చేసి, ఇదే ఫలితం చూశాను. నెలల తరబడి చేసిన పని కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అయిందేమోనని టీమ్ అంతా టెన్షన్ పడ్డాం. తర్వాత ఒక్కో భాగాన్నీ విడిగా కొలుచుకుంటూ వెళ్తే ఖర్చు ఎక్కడెక్కడ దాక్కుందో తెలిసింది.

ముందు ఒక మాట. అసింక్ వల్ల ఏ ఒక్క రిక్వెస్టూ త్వరగా పూర్తవదు. అది చేసేదల్లా ఎదురుచూడటాన్ని చవక చేయడం. పదివేల కనెక్షన్లు తెరిచి ఉండి, ఏ క్షణాన చూసినా వాటిలో వందో రెండొందలో మాత్రమే మాట్లాడుతుంటే, మిగతావాటిని ఊరికే పట్టుకుని ఉండటానికి అయ్యే ఖర్చును బాగా తగ్గిస్తుంది. మీ టెస్ట్‌లో 200 కనెక్షన్లూ జవాబు రాగానే మళ్లీ అడుగుతున్నాయి. అక్కడ ఊరికే కూర్చున్న కనెక్షన్ అంటూ లేదు. తగ్గించడానికి ఏమీ లేనప్పుడు అసింక్ తెచ్చే సొంత ఖర్చు ఒక్కటే లెక్కలో కనిపిస్తుంది.

ఆ సొంత ఖర్చు ఏమిటో చూద్దాం. మాది చిన్న చిన్న సందేశాలు అందుకుని, డేటాబేస్‌ని అడిగి, చిన్న జవాబు పంపే సర్వర్. సీ ప్లస్ ప్లస్‌లో రాసింది. పాత వెర్షన్‌నీ కొత్త వెర్షన్‌నీ పక్కపక్కన పెట్టి ఎస్‌ట్రేస్‌తో (ప్రోగ్రామ్ కెర్నల్‌ని ఏమేం అడుగుతోందో చూపే టూల్) ఒకే ఒక్క రిక్వెస్టును వెంబడించాం. క్లయింట్ వైపు మాత్రమే లెక్కేస్తే పాతదాంట్లో రెండు సిస్టమ్ కాల్స్ (కెర్నల్‌ని అడిగే పనులు): రిసీవ్, సెండ్. డేటా ఇంకా రాకపోతే కెర్నలే థ్రెడ్‌ని నిద్రపుచ్చి, వచ్చాక లేపుతుంది. కొత్తదాంట్లో వరుస ఇలా ఉంది: ఈపోల్ వెయిట్, రిసీవ్, ఇంకేమైనా మిగిలిందేమోనని మళ్లీ రిసీవ్ (దానికి "ఇప్పుడేం లేదు, తర్వాత రా" అనే ఈఎగైన్ జవాబు), రాయడానికి వీలైనప్పుడు చెప్పమని ఈపోల్ కంట్రోల్, మళ్లీ ఈపోల్ వెయిట్, సెండ్, ఇక చదవడానికి మాత్రమే చెప్పమని మరో ఈపోల్ కంట్రోల్. రెండు కాల్స్‌కి బదులు ఏడు.

ఒక్కో సిస్టమ్ కాల్‌కీ అయ్యేది కొన్ని వందల నానోసెకన్లే. 2018లో మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ భద్రతా లోపం బయటపడ్డాక, దాన్ని అడ్డుకునే మార్పుల వల్ల ఆ లోపమున్న ప్రాసెసర్లలో కెర్నల్‌లోకి వెళ్లిరావడం ఇంకాస్త ఖరీదైంది. ఐదు కాల్స్ అదనం అంటే ఒకటి రెండు మైక్రోసెకన్లు అనుకోండి. రిక్వెస్టు మొత్తం పని పది మైక్రోసెకన్లలో అయిపోయేదైతే అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అదే రిక్వెస్టు డేటాబేస్ కోసం ఐదు మిల్లీసెకన్లు ఆగేదైతే అసలు లెక్కలోకే రాదు. అందుకే "అసింక్ ఓవర్‌హెడ్ ఎంత శాతం" అన్న ప్రశ్నకు అందరికీ సరిపోయే ఒక జవాబు లేదు. మీ రిక్వెస్టు ఎంత చిన్నదో చూసుకోవాలి.

ఆ ఏడింటిలో నాలుగు మేం చేజేతులా తెచ్చుకున్నవే. జవాబు చిన్నదైతే సాకెట్ బఫర్‌లో దాదాపు ఎప్పుడూ చోటుంటుంది. కాబట్టి ముందు నేరుగా సెండ్ చేసేయాలి. ఈఎగైన్ వస్తేనే "వీలైనప్పుడు చెప్పు" అని ఈపోల్‌ని అడగాలి. ఈ ఒక్క మార్పుతో రెండు ఈపోల్ కంట్రోల్స్, ఒక ఈపోల్ వెయిట్ పోయాయి. ఇక రెండో రిసీవ్. ఎడ్జ్ ట్రిగ్గర్ (కొత్త డేటా వచ్చినప్పుడు ఒక్కసారే చెప్పే ఈపోల్ మోడ్) వాడేవాళ్లు ఈఎగైన్ వచ్చేదాకా చదవాలని అందరూ చెబుతారు. కానీ టీసీపీ లాంటి స్ట్రీమ్ సాకెట్‌లో మీరిచ్చిన బఫర్ నిండకుండా తక్కువ బైట్లు వచ్చాయంటే అప్పటికి ఉన్నదంతా చదివేశారనే అర్థం. ఈపోల్ మాన్యువల్ పేజీలోనే ఇది రాసి ఉంది. ఇక్కడ ఒక జాగ్రత్త: డేటాతో పాటే అవతలివాళ్లు కనెక్షన్ మూసేసిన సంకేతం కూడా అప్పటికే వచ్చి ఉంటే, ఈ పద్ధతిలో అది మీ దృష్టికి రాకుండా పోవచ్చు. అందుకని రిజిస్టర్ చేసేటప్పుడే ఈపోల్ ఆర్‌డీహప్ (అవతలివైపు మూసేస్తే చెప్పే ఈవెంట్) కూడా అడిగి పెట్టుకోండి. మేం మొదట అడగలేదు, మూయాల్సిన సాకెట్లు రోజుల తరబడి పేరుకుపోయాయి.

ఏడు కాస్తా మూడయింది. మిగిలిన ఆ ఒక్క అదనపు ఈపోల్ వెయిట్ గురించి బెంగ అక్కర్లేదు. లోడ్ తక్కువున్నప్పుడు అది ఒకసారి తిరిగొస్తే ఒకటో రెండో సాకెట్ల కబురు తెస్తుంది. లోడ్ పెరిగేకొద్దీ ఒకేసారి పదుల కొద్దీ తెస్తుంది, అప్పుడు ఒక కాల్ ఖర్చు అన్నింటికీ పంచుకుపోతుంది. అందువల్ల తక్కువ లోడ్‌లో చూసిన సీపీయూ శాతాన్ని పట్టుకుని "పది రెట్లు లోడైతే పది రెట్లు సీపీయూ కావాలి" అని లెక్క కట్టకండి. మేం అలాగే లెక్క కట్టి మేనేజర్‌కి పంపాం, తర్వాత దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఇంతకన్నా పెద్ద ఖర్చు మాకు వేరే చోట దొరికింది. ఎస్‌ట్రేస్ లెక్కల పట్టికలో ఫ్యూటెక్స్ అన్నిటికన్నా పైన కూర్చుంది. లాక్ కోసం థ్రెడ్లు ఆగినప్పుడూ, ఒకదాన్నొకటి లేపుకున్నప్పుడూ పడే కాల్ అది. మా డిజైన్‌లో ఒక ఈవెంట్ లూప్, దాని వెనక ఎనిమిది వర్కర్ థ్రెడ్లు. లూప్ సందేశం చదివి క్యూలో పెడుతుంది, వర్కర్ నిద్రలేచి తీసుకుంటుంది, పని చేసి జవాబును ఇంకో క్యూలో పెడుతుంది, ఈవెంట్‌ఎఫ్‌డీ అనే కెర్నల్ సంకేతంతో లూప్‌ని లేపుతుంది. ఒక్కో రిక్వెస్టూ రెండుసార్లు చేతులు మారుతోంది. మారిన ప్రతిసారీ ఒక లాక్, ఒక నిద్రలేపు, డేటా వేరే కోర్ క్యాష్‌లోకి వెళ్లడం. కాంటెక్స్ట్ స్విచ్‌లు (సీపీయూ ఒక థ్రెడ్ వదిలి ఇంకోదానికి మారడం) తప్పించుకోవడానికని అసింక్‌కి వచ్చి, ఉన్నవాటిని పెంచుకున్నాం. డేటాబేస్ ఎదురుచూపు తీసేస్తే మాకు ఒక్కో సందేశం మీద అసలు పని కొన్ని మైక్రోసెకన్లే. దాన్ని చేతులు మార్చే ఖర్చు ఆ పనికి సమానమైంది.

దీనికి మందు: చిన్న పనిని లూప్ థ్రెడ్‌లోనే ముగించేయడం, కోర్‌కి ఒక లూప్ పెట్టడం, ప్రతి లూప్‌కీ సొంత లిజనింగ్ సాకెట్ ఇవ్వడం. లినక్స్ 3.9 నుంచి ఉన్న ఎస్‌ఓ రీయూజ్‌పోర్ట్ ఇందుకు పనికొస్తుంది. ఒకే పోర్టు మీద చాలా సాకెట్లు వింటాయి, కొత్త కనెక్షన్లను కెర్నల్ పంచుతుంది. మీరు రాసింది చదివితే మీ డిజైన్‌లోనూ వెనక వర్కర్ పూల్ ఉన్నట్టుంది. నా అనుమానం మొదట దాని మీదే.

అయితే పనంతా లూప్‌లోకి తెచ్చాక ఇంకో సమస్య ఎదురైంది. సగటు లేటెన్సీ (జవాబుకు పట్టే సమయం) బాగుంది, కానీ 99వ పర్సెంటైల్ (వందలో అతి నెమ్మదైన ఒక్కటి ఎక్కడ మొదలవుతుందో చెప్పే లెక్క) మాత్రం పాతదానికన్నా దారుణంగా పోయింది. కారణం, ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద కంప్రెస్డ్ సందేశం. దాన్ని విప్పడానికి పదుల మిల్లీసెకన్లు పట్టేది. థ్రెడ్లు ఉన్నప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ మధ్యలో ఆపి పక్కవాళ్లకు సీపీయూ ఇచ్చేది. లూప్‌ని అలా ఆపేవాళ్లు ఎవరూ లేరు. ఆ ఒక్క సందేశం విప్పేదాకా ఆ కోర్ మీదున్న కనెక్షన్లన్నీ నోరు మూసుకుని కూర్చోవాలి. చివరికి ఒక సైజు దాటిన సందేశాల్ని మాత్రమే వర్కర్ పూల్‌కి పంపేలా చేశాం. డీఎన్ఎస్ పేరు వెతకడం, డిస్క్ ఫైల్ చదవడం కూడా ఇలాంటివే, మామూలుగా పిలిస్తే లూప్‌ని ఆపేస్తాయి. నోడ్ జేఎస్‌లో ఫైల్ పనులు లోపల థ్రెడ్ పూల్‌కే వెళ్తాయి. డిఫాల్ట్‌గా అందులో నాలుగే థ్రెడ్లు.

మీరు వాడే భాష ఏదో చెప్పలేదు, దాన్నిబట్టి ఇంకో పొర ఖర్చు ఉంటుంది. థ్రెడ్‌లో లోకల్ వేరియబుల్స్ స్టాక్ మీద ఉంటాయి, ఆగినా అక్కడే ఉంటాయి. అసింక్‌లో ఆగాలంటే వాటిని ఎక్కడో దాచాలి. సీ షార్ప్‌లో అసింక్ మెథడ్ నిజంగా ఆగితేనే హీప్ మీద (స్టాక్ బయటి మెమరీలో) చోటు తీసుకుంటుంది. రస్ట్ ఆ స్థితిని కంపైల్ సమయంలోనే ఒక స్టేట్ మెషీన్‌గా మార్చేస్తుంది. పైథాన్ అసింక్‌ఐఓలో ప్రతి మేలుకొలుపూ ఇంటర్‌ప్రెటర్‌లో నడిచే క్యూ గుండా పోవాలి, కాబట్టి చిన్న రిక్వెస్టుల దగ్గర ఇది సిస్టమ్ కాల్స్ ఖర్చును మించిపోతుంది. గో భాషలో అయితే మీరు మామూలు బ్లాకింగ్ (పని అయ్యేదాకా ఆగే) కోడ్‌లానే రాస్తారు, కింద రన్‌టైమ్ ఈపోల్ నడుపుకుంటుంది, గోరూటీన్ (గో నడిపే తేలికపాటి థ్రెడ్) స్టాక్ 2 కిలోబైట్లతో మొదలవుతుంది. 2023లో వచ్చిన జావా 21 వర్చువల్ థ్రెడ్లదీ అదే దారి. కొత్తగా మొదలుపెట్టే సర్వర్‌కైతే ఈ దారే మేలని నా నమ్మకం. కాల్‌బ్యాక్‌ల మధ్య తెగిపోయిన కోడ్‌ని అర్ధరాత్రి డీబగ్ చేసిన ఎవరికైనా ఆ విలువ తెలుస్తుంది.

అసలు మీకు అసింక్ అవసరమా? దీనికి ఒక చిన్న గుణకారం చాలు, దీన్నే లిటిల్ సూత్రం అంటారు: సెకనుకు వచ్చే రిక్వెస్టుల సంఖ్యను ఒక్కోదానికి పట్టే సమయంతో గుణించండి. సెకనుకు 2,000 వస్తూ ఒక్కోటి 50 మిల్లీసెకన్లు ఉంటే, ఏ క్షణంలోనైనా లోపల ఉండేవి సగటున 100. వంద థ్రెడ్లను ఇవాళ్టి లినక్స్ లెక్క కూడా చేయదు. "థ్రెడ్‌కి 8 మెగాబైట్ల స్టాక్, పదివేల థ్రెడ్లకు 80 గిగాబైట్లు" అని భయపెట్టేవాళ్లు ఉంటారు, నమ్మకండి. అది కేటాయించిన అడ్రస్ స్పేస్ మాత్రమే. ముట్టుకున్న పేజీలకే నిజమైన మెమరీ పడుతుంది, పేజీ సైజు సాధారణంగా 4 కిలోబైట్లు. పదివేల కనెక్షన్ల సమస్య మీద డాన్ కెగెల్ వ్యాసం వచ్చింది 1999లో. అప్పటికి ఈపోల్ లేదు, అంతకుముందు వాడిన సెలెక్ట్ కాల్‌కి 1024 డిస్క్రిప్టర్ల (తెరిచిన సాకెట్ల నంబర్ల) హద్దు, లినక్స్ థ్రెడ్లు బరువు. 2.6 కెర్నల్‌తో ఆ థ్రెడ్ల కథ చాలా మారిపోయింది. కానీ సలహాలు మాత్రం అప్పటివే తిరుగుతున్నాయి.

మార్చే ముందు ఇంకొకటి చూసుకోండి, ఇది మమ్మల్ని నిజంగా దెబ్బతీసింది. పాత సర్వర్‌లో 64 థ్రెడ్ల పూల్ ఉండేది. అదే తెలియకుండా ఒక గేటులా పనిచేసింది: డేటాబేస్ ఎంత నెమ్మదించినా దాని మీదకు 64 కన్నా ఎక్కువ పోవు, మిగతావాళ్లు బయటే ఆగుతారు. అసింక్ వెర్షన్‌లో ఆ గేటు లేదు. డేటాబేస్ ఒక సాయంత్రం మొరాయించింది. మా సర్వర్ వచ్చినవాటన్నిటినీ లోపలికి తీసుకుంటూ, అన్నిటినీ మెమరీలో పెట్టుకుంటూ పోయి, చివరికి కెర్నల్ దాన్ని చంపేసింది. లేచిన వెంటనే ఆగిపోయిన క్లయింట్లందరూ ఒకేసారి మీద పడ్డారు, మళ్లీ పడిపోయింది. అలా మూడుసార్లు. ఆ తర్వాత లోపలున్న రిక్వెస్టుల్ని లెక్కపెట్టే కౌంటర్ పెట్టి, హద్దు దాటితే సాకెట్ చదవడమే ఆపేశాం. ఈ కౌంటర్ లేకుండా మాత్రం ప్రొడక్షన్‌కి వెళ్లొద్దు.

ఐఓ యూరింగ్ అనే కొత్త లినక్స్ ఇంటర్‌ఫేస్ గురించి కూడా అడిగారు. లినక్స్ 5.1తో 2019లో వచ్చింది. ప్రోగ్రామూ కెర్నలూ పంచుకునే రెండు రింగుల్లో పనులు పెట్టి, చాలా పనుల్ని ఒక్క కాల్‌తో పంపొచ్చు. సిస్టమ్ కాల్స్ నిజంగానే తగ్గుతాయి. కానీ భద్రతా కారణాలతో చాలా కంటైనర్ సెటప్‌లలో దాన్ని ఆపేసి ఉంచుతారు, ముందు మీ దగ్గర నడుస్తుందో లేదో చూసుకోండి. క్యూల మధ్య చేతులు మారే ఖర్చును మాత్రం అది తగ్గించదు.

టెస్ట్ విషయానికొస్తే, లోడ్ టూల్‌ని వేరే మెషీన్‌లో పెట్టండి. జవాబు వచ్చాకే తర్వాతిది అడిగే టూల్ అయితే సర్వర్ ఆగినప్పుడు టూల్ కూడా ఆగిపోతుంది, ఆ ఆగిన సమయం లెక్కలోకి రాకుండా పోతుంది. డబ్ల్యూఆర్‌కే2 లాంటి స్థిరమైన రేటుతో పంపేది వాడండి. లేటెన్సీలు 40 మిల్లీసెకన్ల దగ్గర గుంపుగా కనబడితే తిరగరాసేటప్పుడు టీసీపీ నోడిలే (చిన్న ప్యాకెట్లను ఆపకుండా వెంటనే పంపమనే సెట్టింగ్) పెట్టడం మర్చిపోయారేమో చూడండి. మేం మర్చిపోయాం.

మా సర్వర్ ఇప్పుడు రెండు రకాలుగానూ నడుస్తోంది. కనెక్షన్లు పట్టుకునే వైపు ఈవెంట్ లూప్‌లు, ఎందుకంటే అక్కడ వేలల్లో కనెక్షన్లు ఎక్కువసేపు ఊరికే ఉంటాయి. డేటాబేస్ వైపు మామూలు బ్లాకింగ్ థ్రెడ్లు, హద్దుతో.

మీ రెండు వెర్షన్ల మీదా ఒక్కో నిమిషం ఎస్‌ట్రేస్‌ని లెక్కల మోడ్‌లో, అన్ని థ్రెడ్లనీ వెంబడించేలా నడిపి ఆ పట్టికలు ఇక్కడ పెట్టండి. దానివల్ల సర్వర్ బాగా నెమ్మదిస్తుంది కాబట్టి సమయాల్ని పట్టించుకోవద్దు, కాల్స్ సంఖ్య చాలు. ఈపోల్ కంట్రోల్ సంఖ్య రిక్వెస్టుల సంఖ్యకు రెట్టింపు దగ్గర ఉంటే సెండ్ వరుస మార్చండి. ఫ్యూటెక్స్ పైన ఉంటే వర్కర్ క్యూ దగ్గర వెతకండి. రెండూ కాకపోతే పట్టిక చూసి చెబుతాను.