స్ట్రీమ్‌ను లిస్ట్‌గా 'మార్చడం' అనవచ్చా?

సందేహం: పాలిటెక్నిక్ పిల్లలకు జావా అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతాను. నోట్సు తెలుగులో కూడా ఇద్దామని, స్ట్రీమ్‌ను లిస్ట్‌గా కన్వర్ట్ చేసే పాఠానికి 'దత్తాంశ ప్రవాహములను పట్టికలుగా మార్చుట' అని పేరు పెట్టాను. ఒక్కరికీ అర్థం కాలేదు. ఇందులో ఏ మాట తప్పు?

సమాధానం: మీరు ఈ పనికి పూనుకున్నందుకు ముందు సంతోషం. తప్పని కొట్టేయదగ్గ మాట ఇందులో ఏదీ లేదు, కానీ దాదాపు ప్రతి మాటా ఉండాల్సిన చోటుకి కాస్త పక్కన పడింది. 'ప్రవాహములను', 'మార్చుట' అనే పాత రూపాలు వదిలేయండి, వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

పట్టిక అనగానే పిల్లలకు అడ్డ గీతలూ నిలువు గీతలూ కనిపిస్తాయి. రసాయనశాస్త్రంలో ఆవర్తన పట్టిక చూసి వచ్చినవాళ్లు కదా, వాళ్లకి అది టేబుల్. లిస్ట్‌కి మనకు చక్కని మాట జాబితా ఉంది: ఓటర్ల జాబితా, అర్హుల జాబితా, పెళ్లి సరుకుల జాబితా. ఇది అన్యదేశ్యమే, అయినా ఊళ్లో ఎవరిని అడిగినా తెలిసిన మాట, ఒకదాని కింద ఒకటి వరుసగా ఉంటాయన్న అర్థం అందులోనే ఉంది. ఇక ప్రవాహం అంటే గోదావరి వరద గుర్తొస్తుంది. స్ట్రీమ్‌లో మామూలుగా జరిగేది అంత పెద్దది కాదు, ఒక్కో విలువా ఒకదాని వెనక ఒకటి తెగకుండా వస్తుంది. అన్నంలో నెయ్యి పోసేటప్పుడు 'సన్నని ధారగా పొయ్యి' అంటామే, ఆ ధార దీనికి సరిపోతుంది. 'దత్తాంశం' లెక్కల పుస్తకంలో పిల్లలు చదువుకున్నదే, ఉంచినా నష్టం లేదు, నాకైతే శీర్షికలో దాని అవసరం కనిపించలేదు.

అసలు చిక్కంతా 'మార్చడం' దగ్గర ఉంది. తెలుగులో 'దీన్ని దానిగా మార్చాను' అంటే మొదటిది పోయి రెండోది మిగిలిందని అర్థం. పాలు పెరుగుగా మారాక పాలు ఉండవు. ఇక్కడ అలా జరగదు. మార్కుల జాబితా నుంచి ధార వదిలి, దాన్ని ఇంకో జాబితాలోకి తీసుకుంటే మొదటి జాబితా చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది, ధారలో వచ్చిన విలువలూ తమంతట తాము ఏమీ మారవు, అవి చేరిన చోటు మాత్రమే కొత్తది. పొద్దున్నే కుళాయి దగ్గర మనం చేసే పని ఇదే. దానికి 'బిందెలో నీళ్లు పట్టాను' అంటాం గానీ నీళ్లని బిందెగా మార్చానని ఎవరం అనం. జావా వాళ్లు కూడా 2014లో వచ్చిన 8వ వెర్షన్‌లో ఈ పనికి 'కలెక్ట్' అని పేరు పెట్టారు, 'కన్వర్ట్' అనలేదు. కాబట్టి 'ధారను జాబితాలోకి పట్టడం' అనండి, పట్టడం మరీ వాడుకమాటలా అనిపిస్తే 'పోగుచేయడం' అనండి.

ఇంకో కారణం కూడా ఉంది, నాకు ఇదే ముఖ్యం. ఆ పాఠంలోనే 'మ్యాప్' అనే పని వస్తుంది, విద్యార్థి వివరాలు తీసుకుని పేరు ఇవ్వడం, రూపాయలు తీసుకుని పైసలు ఇవ్వడం లాంటిది. నిజంగా మార్చడం అంటే అది! ఆ మాటని జాబితా దగ్గర ఖర్చు చేసేస్తే మ్యాప్‌కి ఏం మిగులుతుంది? 'ఫిల్టర్'ని 'ఏరడం' అనకండి, బియ్యం ఏరితే పారేసేది ఏరిన రాళ్లని, ఫిల్టర్‌లోనేమో షరతుకి సరిపోయినవే ఉంటాయి. పిల్లలు ఇక్కడే తలకిందులవుతారు. 'సరిపోయినవి ఉంచి' అని విడమరిచి రాయడమే మేలు.

ఇప్పుడు ఆ వరుసంతా తెలుగులో చెప్పి చూడండి: 'విద్యార్థుల జాబితాను ధారగా వదిలి, 35 మార్కులు వచ్చినవాళ్లని ఉంచి, ఒక్కొక్కరినీ పేరుగా మార్చి, జాబితాలోకి పట్టు.' వదిలి, ఉంచి, మార్చి, ఇవన్నీ అసమాపక క్రియలు. చివరి 'పట్టు' ఒక్కటే సమాపకం. హైస్కూల్లో చదివిన ఈ వ్యాకరణం స్ట్రీమ్ పనిచేసే తీరుకి అచ్చంగా అతుకుతుంది. ఫిల్టర్, మ్యాప్ రాసి చివరిది రాయకుండా వదిలేస్తే జావా తప్పు చూపించదు, అలాగని ఏ పనీ చేయదు. 'అమ్మ బజారుకి వెళ్లి, కూరలు కొని' అని ఆగిపోతే మనం తర్వాత ఏమైందని ఎదురుచూస్తామే, అలా ఉండిపోతుంది. సమాపక క్రియ పడ్డాకే పని మొత్తం మొదలవుతుంది. అది పడ్డాక ఆ వాక్యం ముగిసినట్టే, ఆ ధారను మళ్లీ వాడబోతే ఎర్రర్ వస్తుంది, అసలు జాబితా నుంచి కొత్త ధార వదులుకోవాల్సిందే. మీ క్లాసులో ఈ ఒక్క పోలిక బోర్డు మీద రాసి చూడండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

2021లో వచ్చిన జావా 16 నుంచి కలెక్ట్ అక్కర్లేకుండా ధార మీదే నేరుగా 'టులిస్ట్' అని రాయవచ్చు. అలా వచ్చిన జాబితాలో కొత్తవి చేర్చలేం, ఉన్నవి తీసేయలేం. మీ పాత పద్ధతిలో దీన్ని 'మార్చరాని జాబితాగా మార్చడం' అనాల్సి వచ్చేది, 'మార్చరాని జాబితాలోకి పట్టడం' అంటే ఆ తికమక లేదు.

శీర్షికలో బహువచనం కూడా అక్కర్లేదు. 'ధారలను జాబితాలలోకి' అనడం ఇంగ్లీషు అలవాటు, మనం 'చెట్టు ఎక్కడం', 'బావి తవ్వడం' అంటాం. మీ పాఠానికి 'ధారను జాబితాలోకి పట్టడం' అని పెట్టుకోండి.