రాత్రి మూడింటికి గుండెదడ, ఆలోచనలు ఆగట్లేదు

ప్రశ్న: మేడం, నాకు 41 ఏళ్లు, మాది ఖమ్మం. మా బాబు ఇంటర్ సెకండియర్, హాస్టల్లో ఉంటాడు. రెండు నెలల నుంచి రోజూ రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోంది, గుండె దడదడలాడుతుంది, అరచేతులు తడిసిపోతాయి, వాడు తిన్నాడో లేదో, ర్యాంకు రాకపోతే ఏమైపోతాడో అని ఒకటే ఆలోచన. హాస్టల్ వాళ్లు ఆదివారం ఒక్కరోజే ఫోన్ ఇస్తారు. ఈసీజీ తీయిస్తే బాగానే ఉందన్నారు. మా ఆయన ఆలోచించడం మానేయ్ అంటారు. ఎలా మానాలో చెప్పండి.

జవాబు: అమ్మా, కోతిని తలుచుకోకుండా మందు తాగమన్నట్టుంది మీవారి సలహా, అది ఎవరివల్లా కాదు కాబట్టి మానలేకపోతున్నానని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. కుక్క మీదపడితే పరిగెత్తడానికి శరీరం అడ్రినలిన్ వదుల్తుంది కదా, ఆ గుండెదడ, ఆ చెమట అదే, కొడుకు ర్యాంకు మీద దిగులుకి కూడా శరీరం అలాగే రెడీ అయిపోతుంది. పైగా తెల్లవారుజాము అయ్యేకొద్దీ నిద్ర పల్చబడుతుంది, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరగడం మొదలవుతుంది, అందుకే ఆ టైమ్‌లో భయం ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

మెలకువ రాగానే ఫోన్‌లో టైమ్ చూడొద్దు. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా గాలి పీల్చి, వేడి పాలు ఊదినట్టు పెదాలు చుట్టి ఎనిమిది దాకా మెల్లగా వదలండి. గాలి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, మణికట్టు మీద వేలు పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. అయిదు నిమిషాలు చేయండి. అప్పటికీ నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి చిన్న లైటు కింద చేతిపని ఏదైనా పెట్టుకోండి. మా నాన్న ఐసీయూలో ఉన్న రోజుల్లో నేను అర్ధరాత్రి వంటింట్లో కూర్చుని చింతపండు గింజలు తీసేదాన్ని, ఈనెలు, పీచు, గింజ, వేళ్లు జిగురుజిగురుగా అయిపోయేవి, ఆ జిగురు మీద దృష్టి ఉన్నంతసేపు మనసు ఆస్పత్రికి వెళ్లేది కాదు, గిన్నె సగం నిండేసరికి ఆవలింతలు వచ్చేవి.

ఇంకోటి, సాయంత్రం ఆరింటికి ఒక పావుగంట దిగులుకని పెట్టుకోండి, నోట్‌బుక్‌లో ఉన్నదున్నట్టు రాసేయండి. తిన్నాడో లేదో అన్నదాని పక్కన ఆదివారం అడగాలి అని, ర్యాంకు పక్కన ఇవాళ నేను చేయగలిగింది లేదు అని. రాత్రి మళ్లీ అదే ఆలోచన వస్తే పుస్తకంలో ఉందిలే, రేపు ఆరింటికి చూద్దాం అనుకోవడం మెల్లగా అలవాటవుతుంది, మొదటి వారం మాత్రం కుదరదు, కంగారుపడొద్దు.

టీ గురించి మీరు రాయలేదు కానీ, సాయంత్రం అయిదింటికి తాగిన టీలో కెఫీన్ దాదాపు సగం రాత్రి పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది, మధ్యాహ్నం తర్వాత ఆపేసి చూడండి. ఈసీజీ ఒక్కటే సరిపోదు, థైరాయిడ్, హిమోగ్లోబిన్ టెస్టులు కూడా చేయించుకోండి, మీ వయసులో నెలసరి మారే ముందు కూడా రాత్రిళ్లు దడ, చెమట వస్తాయి కాబట్టి గైనకాలజిస్ట్‌కి చూపించుకోవడం మంచిది. ఛాతీలో నొప్పి, ఎడమచేతికి పాకడం, ఆయాసం ఉంటే మాత్రం టెన్షన్ అనుకుని కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవద్దు, వాటికి అలవాటుపడటం చాలా తేలిక. రెండు నెలలంటే తక్కువేం కాదు, రెండు వారాల్లో తేడా కనిపించకపోతే సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లండి, పిచ్చోళ్లే వెళ్తారన్న మాట మనసులోంచి తీసేయండి. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416 నంబరుతో టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, ఫ్రీ, రాత్రీపగలూ తీస్తారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

వారానికి ఒక్క ఫోన్ అన్న రూల్ నాకు అస్సలు నచ్చలేదు. మీరూ మీవారూ కలిసి వెళ్లి వార్డెన్‌ని అడగండి, బుధవారం కూడా ఒక అయిదు నిమిషాలు ఇప్పించమని. ఇచ్చాక ఆ అయిదు నిమిషాలూ మార్కులు అడక్కండమ్మా, పొద్దున టిఫిన్ ఏం పెట్టారు, పక్క మంచం అబ్బాయిది ఏ ఊరు అని అడగండి.